1967 జూలియా స్ప్రింట్ జీటీ వెలోచె: ఇందులో అసలెంత, కొసరెంత?

బెర్గామో బాబు | 9 ఫిబ్రవరి, రాత్రి 10:12

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి. ఆరేళ్లుగా ఇటలీలో, మిలానుకు ఈశాన్యంగా ఉన్న బెర్గామోలో ఉద్యోగం చేస్తున్నాను. మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ, భర్త పోయాక, ఇరవై ఏళ్లకు పైగా షెడ్డులో నిలిచిపోయిన ఆయన కారును అమ్మదలచి, బయట ప్రకటన ఇచ్చే ముందు నన్ను పిలిచి చూపించారు. అది 1967 నాటి ఆల్ఫా రోమియో జూలియా స్ప్రింట్ జీటీ వెలోచె. డిజైనరు జోర్జెత్తో జుజారో, కార్ల బాడీలు గీసి కట్టే బెర్టోనె సంస్థలో పనిచేసే రోజుల్లో గీసిన ఆకారం. బానెట్ ముందు అంచు దగ్గర ఉండే ఆ చిన్న మెట్టు, వెనుక స్తంభాల మీది ఆకుపచ్చ నాలుగాకుల బిళ్లలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కారు రంగు ఎరుపు. కానీ డిక్కీలో స్పేరు చక్రం పెట్టే గుంటలోనూ, డాష్‌బోర్డు వెనుకా ముదురు నీలం కనిపిస్తోంది. డ్రైవరు కాళ్ల దగ్గర నేలరేకు తుప్పు తిని, వేలు దూరేంత కంత పడింది. సీట్ల కుట్లు మాత్రం ఒక్కటీ తెగలేదు. ఛాసిస్ నంబరు ఇంజను గదికీ మనం కూర్చునే గదికీ మధ్యనున్న రేకుగోడ మీద పొడిచి ఉంది. అది కాగితాలతో సరిపోయింది. ఇంజను మీది నంబరు మాత్రం ఏఆర్ 00526 అని మొదలవుతోంది.

ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. ఒకాయన ముట్టుకోవద్దు, నడిపించుకో అన్నాడు. రెండో ఆయన రంగంతా రేకు తేలేదాకా గీకి, షోరూములోంచి తెచ్చినట్టు చేసి ఇస్తానని, "ఇంజను నంబరు సంగతి కూడా నేనే చూసుకుంటాను" అని అన్నాడు. ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఈ కారు చరిత్రను ఎక్కడి నుంచి తవ్వాలో, దేన్ని ఉంచి దేన్ని మార్చాలో తెలిసినవారు చెప్పగలరు.

బాలానగర్ డైమేకర్ | 10 ఫిబ్రవరి, ఉదయం 6:30

బాబూ, భయపడనక్కరలేని సంగతి ముందు చెప్పి, భయపడవలసిన సంగతి తరువాత చెబుతాను.

ఏఆర్ 00526 అనేది జూలియా సూపర్ అనే నాలుగు తలుపుల కారు ఇంజను. నీ వెలోచెకు పుట్టుకతో రావలసింది ఏఆర్ 00536. రెండూ 78 మిల్లీమీటర్ల బోరు, 82 మిల్లీమీటర్ల స్ట్రోకు, 1570 సీసీ ఇంజన్లే. రెండింటిదీ అల్యూమినియం బ్లాకే, రెండింటిలోనూ ఇనుప లైనర్లే, హెడ్డులో రెండేసి క్యామ్‌షాఫ్టులే. వెలోచెకు కొంత ఎక్కువ శక్తి వచ్చేలా సవరించారు, అంతే. అంటే ఎప్పుడో అసలు ఇంజను పగిలితే, గుద్దుకుపోయిన సూపర్ ఒకదాన్నుంచి ఇంజను తెచ్చి దీనిలో దించారన్న మాట. ఆ కార్లు పాత సామాన్ల దుకాణాల్లో దొరికే రోజుల్లో ఏ మెకానిక్కయినా చేసే పనే అది. అది మోసం కాదు, కారు బతుకులో జరిగిన ఒక సంగతి.

ఇక భయపడవలసింది ఆ రెండో మెకానిక్కు మాటకు. అతను చేయబోయేది 00526ను అరగదీసి, అక్కడ 00536ను పొడవడం. నలభై ఏళ్లు డైలు, అంటే లోహపు అచ్చులు, చేసిన చేతులతో చెబుతున్నాను, నంబరు పొడవడమంటే లోహం మీద రాయడం కాదు, లోహాన్ని లోపలికి తొయ్యడం. పంచి, అంటే అంకె చెక్కిన ఉక్కు ముక్క, దిగిన చోట అంచుల దగ్గర లోహం కొద్దిగా పైకి ఉబ్బుతుంది, అడుగున గట్టిపడుతుంది. పైన అరగదీసినా అడుగున గట్టిపడిన పొర మిగిలే ఉంటుంది కనుక, ఉక్కు రేకు మీదయితే ఆమ్లం పూసి, చెరిపేసిన అంకెల్ని మళ్లీ తేల్చి చూపించగలరు; పోలీసు ప్రయోగశాలల్లో జరిగేది అదే. నీ బ్లాకు అల్యూమినియం కాబట్టి ఆ పద్ధతి అంత తేలిగ్గా పనిచేయదు, అందుకే మోసగాళ్లకు అదంటే ఇష్టం. అయినా కన్ను పట్టేస్తుంది. పోత పోసిన బ్లాకు మీద ఉండే ఇసుక గరుకు, నంబరు చుట్టూ మాత్రం నున్నగా మాయమై ఉంటే అక్కడ ఆకురాయి తిరిగిందన్న మాటే.

ఒక పని చెయ్యి. మన ఆర్టీవో ఆఫీసుల దగ్గర ఏజెంట్లు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలు రుద్ది ప్రింటు తీస్తారే, అలాగే రెండు నంబర్లకూ తియ్యి. ఫొటోలో వెలుతురు అబద్ధమాడుతుంది గానీ పెన్సిలు ఆడదు. అంకెల మధ్య దూరం, ప్రతి అంకె తోక వంపు అందులో పడతాయి. అదే సంవత్సరపు కార్లు ఒకటి రెండింటి ప్రింట్లు సంపాదించి పక్కన పెట్టుకుని చూడు.

దస్తావేజు | 10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:05

నేను విజయవాడలో ముప్పై ఏళ్లుగా స్థలాల దస్తావేజులు చూసే వకీలును. కార్ల మీద ఇష్టం వేరు, వృత్తి వేరు అనుకునేవాడిని గానీ పాత కారు కొనడం, పాత స్థలం కొనడం ఒకటేనని ఈ వేదికలో పదేళ్లు గడిపాక అర్థమైంది. అమ్మేవారి నోటిమాట, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, నేల మీది హద్దురాళ్లు, ఈ నాలుగూ వేటికవి విడిగా ఒకే కథ చెబితేనే సంతకం పెట్టాలి.

ఇటలీలో ఈసీకి సాటి వచ్చేది ఉంది. 1927లో ఏర్పడిన వాహనాల రిజిస్ట్రీ, పి.ఆర్.ఏ. అంటారు, అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు నిర్వహణలో ఉంది. నంబరు ప్లేటు ఆధారంగా "ఎస్త్రాత్తో క్రొనొలోజికో" అనే నకలు తీయించుకుంటే, ఆ కారు ఎవరి పేరు మీద నుంచి ఎవరి పేరుకు ఏ తేదీన మారిందో వరుసగా వస్తుంది. మీ కారుకు ఉన్నది నల్ల ప్లేటేనా, దాని మీద బెర్గామో అక్షరాలే ఉన్నాయా అన్నది చూసి చెప్పండి. ఆ రోజుల్లో ప్లేటు మీద జిల్లా గుర్తు ఉండేది, కారు వేరే జిల్లాకు వెళితే కొత్త నంబరు వేయించవలసి వచ్చేది. కనుక ఇప్పుడున్న ప్లేటే మొదటి ప్లేటు అన్న నమ్మకం పెట్టుకోకండి.

రెండో దారి మిలాను దగ్గరి ఆరేజేలో ఉన్న ఆల్ఫా రోమియో దస్తావేజుల కేంద్రం. 1976లో తెరిచి, 2011లో మూసివేసి, 2015 జూన్‌లో మళ్లీ తెరిచిన వారి చారిత్రక మ్యూజియం కూడా అక్కడే ఉంది. ఛాసిస్ నంబరు పంపి రుసుము కడితే, కారు ఏ రోజు తయారైంది, ఏ రోజు ఏ ఊరికి అమ్మారు, ఏ రంగులో బయటికి వచ్చింది అన్నవి ధ్రువీకరించి ఇస్తారు. మీకు బెర్గామో నుంచి కారులో గంట దూరం. ఇక్కడ కూర్చుని ఉత్తరాలు రాసుకునేవారి కన్నా మీరు అదృష్టవంతులు.

ఒక హెచ్చరిక. కాగితం బాగున్నంత మాత్రాన కారు బాగున్నట్టు కాదు. కారు తుక్కుకు పోయి కాగితాలు మిగిలితే, ఆ కాగితాలకు ఒక కారును పుట్టించేవారు ఉన్నారు. స్థలం లేకుండా పట్టా పుట్టడం మనకు కొత్తేమీ కాదు కదా.

రాజమండ్రి పద్మిని | 10 ఫిబ్రవరి, సాయంత్రం 7:48

పెద్దల మాట కాదనను గానీ నాదొక సందేహం. కారు నడవడానికి పుట్టింది. తుప్పు పట్టిన రేకును చరిత్ర అని పూజిస్తూ కూర్చుంటే నాలుగు వానాకాలాల్లో ఆ చరిత్ర నేలపాలవుతుంది. శుభ్రంగా టింకరింగ్ చేయించి, మంచి రంగు కొట్టించి, ఇంజను విప్పి బిగించి, ఆదివారం పూట నడుపుకుంటే తప్పేమిటి? ఎరుపు ఆల్ఫాకు అందమే కదా.

చెరగని రంగు | 11 ఫిబ్రవరి, తెల్లవారుజాము 3:20

నేను అమెరికాలోని మేరీలాండులో, ఒక మ్యూజియంలో పాత వస్తువుల సంరక్షణ విభాగంలో పనిచేస్తాను. అందుకే ఇక్కడి సాయంత్రం మీకు తెల్లవారుజాము.

పద్మిని గారి ప్రశ్న న్యాయమైనదే, కానీ అందులో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. తుప్పును ఆపడం ఒక పని, కారును కొత్తదిగా చేయడం మరొక పని. మన గుళ్లలో స్తంభాల మీది శిల్పాలను "శుభ్రం" చేయడానికి ఇసుక కొట్టించి, ముక్కూ కళ్లూ అరగదీసిన సందర్భాలు మనందరం చూశాం. నల్లరాయి మీద వెండి రంగు ఎనామెల్ పూసినవీ చూశాం. చేసినవారెవరికీ చెడు ఉద్దేశం లేదు. ఉద్దేశం ఏదైనా అరిగిన రాయి తిరిగి రాదు.

ఈ సంగతి మీద వాహనాల రంగంలోనూ ఒక ఒప్పందపత్రం ఉంది. 1966లో ఏర్పడిన పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, 2012లో ట్యూరిన్ పత్రాన్ని ఆమోదించింది. కట్టడాల సంరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ పత్రమే దీనికి మూలం. చేయవలసినంతకు మించి చేయకూడదు, చేసినదాన్ని వీలయితే వెనక్కి తీయగలిగేలా చేయాలి, కొత్తగా వేసిన భాగం కొత్తదని తెలిసేలా ఉంచాలి, ప్రతి పనినీ రాసి పెట్టాలి అన్నది స్థూలంగా దాని సారం. నడపవద్దని అందులో ఎక్కడా లేదు. వాడుతూ ఉండటం కూడా సంరక్షణలో భాగమే.

ఇక రంగు. మీ కారు మీద ఎరుపు కింద నీలం, నీలం కింద ప్రైమరు, దాని కింద రేకు ఉండాలి. కనపడని చోట, గోరంత మేర, చాలా సన్నని నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) నెమ్మదిగా గుండ్రంగా రుద్దితే చెట్టు కాండం వలయాల్లా పొరలన్నీ ఒకదాని పక్కన ఒకటి బయటపడతాయి. నీలానికీ ఎరుపుకూ మధ్య బూడిదరంగు పుట్టీ కనిపిస్తే అక్కడ దెబ్బ తగిలి బాగుచేశారని అర్థం. ఏమీ లేకపోతే కేవలం ఇష్టం కొద్దీ రంగు మార్చారని అర్థం. రేకు తేలేదాకా గీకించారంటే ఈ సమాచారమంతా షెడ్డు నేల మీద దుమ్ముగా ఊడ్చుకుపోతుంది.

బాలానగర్ డైమేకర్ | 11 ఫిబ్రవరి, ఉదయం 6:15

మైక్రాన్లలో రంగు మందం చూపే చిన్న పరికరం కూడా కొనుక్కో, పెద్ద ఖరీదు కాదు. ఫ్యాక్టరీ రంగయితే నూరు, నూటయాభై దగ్గర ఆగుతుంది. మీద ఇంకో రంగు పడితే దానికి రెట్టింపు. వెయ్యి దాటిందంటే అది రంగు కాదు, పుట్టీ. కారంతా చుట్టి ఒక కాగితం మీద కారు బొమ్మ గీసి, అంకెలు వేసుకో.

దస్తావేజు | 12 ఫిబ్రవరి, రాత్రి 9:30

చెరగని రంగు గారు ఎత్తిన మాటలోనే అసలు చిక్కు ఉంది. "అసలు" అంటే ఏ తేదీ నాటి అసలు? నాకు ఇష్టమైన రెండు కార్ల సంగతి చెబుతాను.

మొదటిది ఫెరారీ 250 జీటీఓ, ఛాసిస్ 3413 జీటీ. 1962 నుంచి 1964 వరకు ఆ రకం కార్లు మొత్తం 36 మాత్రమే తయారయ్యాయి. 3413 పుట్టింది 1962లో; 1964లో ఫెరారీకి బాడీలు కట్టే స్కాలియెత్తి పనివాళ్లు దానికి ఆ సంవత్సరపు కొత్త ఆకారపు బాడీ తొడిగారు. 2018లో మాంటెరీ వేలంలో అది 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది, అదీ 1964 బాడీతోనే. 1962 ఆకారానికి మళ్లీ మార్చాలని ఎవరూ అనలేదు. ఎందుకంటే ఆ మార్పు ఆ కారు పోటీల్లో ఉన్న రోజుల్లోనే, దాన్ని తయారుచేసిన చేతుల్లోనే జరిగింది.

రెండోది ఫెరారీ 375 ఎంఎం, ఛాసిస్ 0402 ఏఎం. సినిమా దర్శకుడు రొబెర్తో రొస్సెల్లీని కారు అది. పినిన్ ఫరీనా కట్టిన టాపులేని బాడీతో వచ్చి, ఆ తరువాత స్కాలియెత్తి చేతిలో టాపున్న కూపేగా మారింది. ఆ కూపే రూపంతోనే 2014లో అమెరికాలోని పెబుల్ బీచ్ పాత కార్ల ప్రదర్శనలో అన్నిటికన్నా మేటి కారుగా బహుమతి గెలిచింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత తయారైన కారుకు అక్కడ ఆ బహుమతి రావడం 1968 తరువాత అదే మొదలు.

ఈ రెంటినీ చూశాక నా మటుకు నేను ఒక కొలత పెట్టుకున్నాను. మార్పు కారు బతుకు సాగుతుండగా, దాన్ని వాడుకునే అవసరం కొద్దీ జరిగిందా, లేక ధర పెరిగాక అమ్మకం కోసం జరిగిందా? మొదటిది చరిత్ర, రెండోది అలంకారం. మీ సూపర్ ఇంజను మొదటి కోవలోదే అనిపిస్తోంది. దాని మీద 00536 పొడిస్తే ఆ క్షణమే రెండో కోవలోకి పోతుంది.

నిర్వాహకుడు | 13 ఫిబ్రవరి, ఉదయం 11:00

ఈ కారు వెల ఎంత ఉండవచ్చు, జీటీఏగా మార్చుకుంటే ఎంత లాభం అన్న ప్రశ్నలతో వచ్చిన నాలుగు సందేశాలను వేరే చోటికి మార్చాను. జీటీఏగా మార్చడం గురించి మాత్రం ఒక్క మాట: జూలియా స్ప్రింట్ జీటీఏ 1965లో పోటీల అర్హత కోసం 500 తయారుచేసిన, బయటి రేకులు అల్యూమినియంతో ఉన్న, రెండేసి స్పార్క్ ప్లగ్గుల హెడ్డు గల, 745 కిలోల కారు. మామూలు ఉక్కు కారుకు అల్యూమినియం తలుపులు తగిలించి ఆ పేరు పెట్టడాన్ని ఈ వేదిక ప్రోత్సహించదు.

బెర్గామో బాబు | 2 మార్చి, రాత్రి 11:02

ఆలస్యానికి మన్నించండి. రిజిస్ట్రీ నకలు ఈరోజే చేతికి వచ్చింది, అందులో నాకొక దెబ్బ ఉంది.

ఆ ఇంటివారంతా ఇన్నాళ్లూ చెప్పింది, నాన్నగారు 1967లో షోరూములో కొన్నారని. నకలులో చూస్తే మొదటి యజమాని ఉన్నది పలెర్మోలో, అంటే సిసిలీ ద్వీపంలో, దేశానికి ఆ చివర. 1974లో ఈయన కొని, బెర్గామో నంబరు వేయించారు. దస్తావేజు గారు అన్నట్టే ఇప్పుడున్న నల్ల ప్లేటు రెండోది. పెద్దావిడను అడగడానికి మొహమాటపడి, చివరికి కాఫీ తాగుతూ అడిగేశాను. ఆవిడ నవ్వి, "మాకు అది కొత్తదే కదా నాయనా" అన్నట్టు ఏదో అన్నారు. అబద్ధం చెప్పాలని చెప్పిన మనిషిలా లేరు. యాభై ఏళ్లు ఇంట్లో చెప్పుకున్న మాట అలా గట్టిపడిపోయింది.

ఆల్బమ్ కూడా చూపించారు. ఒక నలుపు తెలుపు ఫొటోలో సరస్సు ఒడ్డున కారు, దాని మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఉన్నారు. కారు ముదురు రంగులో ఉంది గానీ ఎరుపో నీలమో చెప్పలేం. ఆ ఫొటోల్లో రెండూ ఒకటే. 1979 అని వెనుక రాసి ఉన్న రంగుల ఫొటోలో మాత్రం ఖాయంగా ఎరుపే.

రంగు పొరలు చూశాను. డిక్కీ మూత లోపలి అంచున గోరంత రుద్దితే ఎరుపు, దాని వెంటనే నీలం, మధ్యలో ఏమీ లేదు. ఎడమ ముందు రెక్క, అంటే చక్రం మీది రేకు, దగ్గర మాత్రం పరికరం 1400 చూపించింది.

ఇంకొకటి. తలుపు లోపలి అట్ట విప్పితే దాని వెనుక నీలి సుద్దతో మూడంకెలు రాసి ఉన్నాయి. రెండో తలుపు అట్ట వెనుకా అవే మూడంకెలు, వెనుక సీటు వీపు భాగం వెనుకా అవే. రాసిన చేయి ఒక్కటే, ఏడు అంకెకు నడుమ అడ్డగీత కూడా ఒక్క తీరుగానే ఉంది. నేను ఆ సుద్దను తాకడానికి కూడా సాహసించలేదు.

బాలానగర్ డైమేకర్ | 3 మార్చి, ఉదయం 6:05

ఆ సుద్ద గీత మీ రిజిస్ట్రీ నకలు కన్నా విలువైనది. ఒక కారుకు అమర్చవలసిన భాగాలు కలిసిపోకుండా పనివాడు తన కోసం వేసుకున్న గుర్తు అది. మా షాపులో డై సెట్లకు మేమూ ఇలాగే వేసేవాళ్లం, ఎవరో చూస్తారని కాదు. అందుకే దాన్ని ఎవడూ దొంగగా పుట్టించడు, ఎందుకంటే అది అక్కడ ఉందని ఎవడికీ తెలియదు. నంబరు ప్లేటు లోకానికి చెప్పే మాట, సుద్ద గీత ఇంట్లో మాట్లాడుకున్న మాట. ఆ రెండు తలుపులూ, ఆ సీటూ పుట్టినప్పటి నుంచి కలిసే ఉన్నాయి.

ఎడమ రెక్క సంగతి కూడా తేలిపోయింది. అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలింది.

దస్తావేజు | 3 మార్చి, మధ్యాహ్నం 2:40

అంకెల్లోనే కథ దాగి ఉండటం ఇటలీ కార్లలో మామూలే. 1950లు, 60లలో ఫెరారీ పోటీ కార్లకు సరి సంఖ్యలు, రోడ్డు కార్లకు బేసి సంఖ్యలు వేసేది. జీటీఓ నిలువెల్లా పోటీ కారయినా దాని నంబరు బేసి. ఎందుకంటే అది కొత్త కారు కాదు, ఉన్న 250 జీటీకే ఒక రూపాంతరం అని అధికారులను ఒప్పించాలి. నంబరే ఒక వాదన.

అలాగే మిల్లె మిలియా. 1927 నుంచి 1957 వరకు బ్రెషా నుంచి రోముకు, తిరిగి బ్రెషాకు సాగిన ఆ పోటీలో, 1949 నుంచి కారు మీద రాసిన అంకె అది బయలుదేరిన గడియారపు వేళ అయి ఉండేది. 535 అంటే తెల్లవారి 5 గంటల 35 నిమిషాలు. పాత ఫొటోలో తలుపు మీది అంకె కనిపిస్తే చాలు, ఆ యేటి ప్రారంభ జాబితాలో వెతికి నడిపినవారి పేరు పట్టుకోవచ్చు. కానీ పేరు దొరికినంత మాత్రాన ఛాసిస్ దొరికినట్టు కాదు. పోటీ కార్లు దేశాల సరిహద్దులు దాటేటప్పుడు సుంకపు కాగితాలకు సరిపడేలా నంబరు పలకలు ఒకదాని నుంచి మరొకదానికి మార్చుకున్న ఉదంతాలు ఉన్నాయి. కాగితాన్ని మాత్రమే నమ్మినవాడూ, ఇనుమును మాత్రమే నమ్మినవాడూ ఇద్దరూ మునుగుతారు.

రాజమండ్రి పద్మిని | 4 మార్చి, రాత్రి 8:15

అంత పెద్ద కార్లు మనకెందుకు గానీ, నా సొంత సంగతి ఒకటి చెబుతాను. పోయినసారి గొప్పగా మాట్లాడినవాణ్ని కాబట్టి చెప్పక తప్పదు.

మాది మా నాన్నగారి ఫియట్ 1100. పేరుకు ఇటలీ కారు, పుట్టింది బొంబాయి ప్రీమియర్ ఫ్యాక్టరీలో. ఇదే కారు తరువాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, 1974 నుంచి పద్మిని అయింది. నా పేరు కూడా అలా వచ్చిందే. ఎనిమిదేళ్ల కిందట ఒక షెడ్డుకు ఇచ్చి, విప్పేసి పూర్తిగా చేయించాను. వచ్చిన రోజు అద్దంలా మెరిసింది, వీధి వీధంతా వచ్చి చూశారు. వారం తరువాత గ్లవ్ బాక్సు మూత తెరిస్తే లోపలి వైపు కూడా నున్నగా రంగు కొట్టి ఉంది. అక్కడ మా నాన్నగారు బాల్‌పెన్నుతో టైర్ల గాలి లెక్క, ముందు ఇంత వెనుక ఇంత అని, ఆయిలు మార్చిన తేదీలు వరుసగా పన్నెండు రాసుకున్నారు. షెడ్డు వాడిని ఏమని అడుగుతాను? శుభ్రంగా చెయ్యమన్నది నేనే.

ఇంకొక మాట. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన పాత వాహనాల నిబంధనల్లో, యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంచిన, పెద్ద మార్పులు చేయని వాహనానికే వింటేజ్ హోదా, "వీఏ" అక్షరాలున్న నంబరు ఇస్తామని ఉంది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. "అసలు రూపం" అన్న మాట చట్టంలోకి కూడా వచ్చాక, నా మెరిసే ఫియట్‌ను చూసి ఇన్‌స్పెక్టరు ఏమంటాడోనన్న బెంగ నాకు ఉంది.

చెరగని రంగు | 5 మార్చి, తెల్లవారుజాము 4:10

పద్మిని గారూ, ఆ గీతలు రంగు కింద బహుశా ఇంకా ఉన్నాయి. రంగు కొట్టే ముందు వాళ్లు అక్కడ గీకకపోయి ఉంటే, పరారుణ కెమెరాతో చూస్తే కొన్ని సిరాలు కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. మూతను మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మళ్లీ గీకించకండి.

బాబు గారికి ఒక ఉదాహరణ. 2014లో పశ్చిమ ఫ్రాన్సులో ఒక ఎస్టేటు షెడ్డులో, పాత పత్రికల కట్టల కింద ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒకటి బయటపడింది. ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ వాడిన కారు. 2015 ఫిబ్రవరిలో పారిస్ వేలంలో దాన్ని దుమ్ముతో సహా పెట్టి 1 కోటి 63 లక్షల యూరోలకు అమ్మారు. దుమ్ముకు డబ్బు ఇచ్చారని కొందరు ఎగతాళి చేశారు. దుమ్మును నేను కూడా ప్రేమించను. దుమ్ములో తేమ ఉంటే అది రంగును తింటుంది. కానీ దుమ్ము తుడవని చోట ఎవరూ ఇంకేదీ చేయలేదన్న భరోసా ఉంది, కొన్నవాళ్లు ఇచ్చింది దానికి.

బెర్గామో బాబు | 5 మార్చి, రాత్రి 9:50

ఒక సందేహం. కంపెనీవారే చేసి ధ్రువపత్రం ఇస్తే అప్పుడు అసలయినట్టేనా? పాత కార్ల కోసమే ఫెరారీకి క్లాసికె విభాగం ఉంది, లంబోర్గినీకి పోలో స్టోరికో ఉంది. వాళ్ల దగ్గర పాత నక్షలన్నీ ఉంటాయి కదా.

దస్తావేజు | 6 మార్చి, ఉదయం 10:25

2006లో మొదలైన ఫెరారీ క్లాసికె ఇచ్చే పత్రం, ఈ కారులోని ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ ఫ్యాక్టరీ నిర్దేశాలకు అనుగుణంగా ఉన్నాయని చెబుతుంది. అది చాలా విలువైన మాటే. కానీ "అనుగుణంగా ఉంది" వేరు, "అదే" వేరు. తన కారుకు తానే సాక్షి, తానే మేస్త్రీ, తానే న్యాయమూర్తి అయిన చోట నేను కొంచెం దూరంగా నిలబడతాను.

లంబోర్గినీ 1971లో చూపించిన కౌంటాచ్ ఎల్‌పీ 500 అనే మొట్టమొదటి నమూనా 1974లో గుద్దుడు పరీక్షలో నాశనమైంది. పోలో స్టోరికో 2021లో దాన్ని పాత ఫొటోలు, కాగితాల ఆధారంగా 25,000 గంటల పని పెట్టి మళ్లీ నిర్మించి, ఇటలీలోని విల్లా డెస్టె పాత కార్ల ప్రదర్శనలో చూపించింది. అద్భుతమైన పని. వారు దాన్ని పునర్నిర్మాణం అనే చెప్పారు, దాచలేదు. కాబట్టి అందులో తప్పు లేదు. ఫొటో చూసి మళ్లీ చెక్కిన విగ్రహానికి దండం పెట్టవచ్చు, శాసనం వయసు మాత్రం దానికి ఆపాదించకూడదు.

బెర్గామో బాబు | 28 మార్చి, రాత్రి 10:37

ఆరేజే నుంచి పత్రం వచ్చింది. కారు 1967 జనవరిలో తయారై, ఫిబ్రవరిలో పలెర్మోకు వెళ్లింది. రంగు ముదురు నీలం. రిజిస్ట్రీ నకలు, పత్రం, రంగు పొరలు, సుద్ద గీతలు అన్నీ కలిశాయి. ఇంజను ఎప్పుడు మారిందో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

కారు కొనేశాను. పత్రం ఆవిడకు చదివి వినిపిస్తే పలెర్మో అన్న చోట ఆగి, ఆయన పెళ్లికి ముందు అక్కడ సైన్యంలో పనిచేశారని, బహుశా అక్కడి స్నేహితుడెవరో ఇచ్చి ఉంటాడని అన్నారు. అది రాసుకున్నాను, "ఆమె చెప్పినది" అని పక్కన గుర్తు పెట్టి.

నేను అనుకుంటున్నది ఇది. ఎరుపు అలాగే ఉంటుంది. అది ఆయన వేయించుకున్న రంగు. 00526 ఇంజను అలాగే ఉంటుంది, రికార్డులో కూడా సూపర్ ఇంజను అనే రాస్తాను. బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, టైర్లు ప్రాణానికి సంబంధించినవి కనుక కొత్తవి వేయిస్తాను, పాతవి పెట్టెలో దాస్తాను. నేలరేకు కంత మాత్రం తప్పదు. మొదటి మెకానిక్కు మొత్తం నేల మార్చకుండా, తుప్పు తిన్నంత మేర మాత్రమే కోసి అతుకు వేస్తానన్నాడు. ఎంత మేర కోయించాలో తెలియక ఆగాను.

బాలానగర్ డైమేకర్ | 29 మార్చి, ఉదయం 6:10

స్క్రూడ్రైవరు మొనతో తట్టుకుంటూ పో. డబడబ అన్నంత మేర చచ్చింది, ఖంగుమన్న చోట బతికి ఉంది. బతికిన చోటికి ఒక అంగుళం లోపలికి గీత గీసి కోయించు, మూలలు గుండ్రంగా ఉండాలి, లేకపోతే అక్కడి నుంచి చీలుతుంది. కొత్త రేకు మందం పాతదానికి సరిపోవాలి. బలంగా ఉంటుందని మందంగా వేయిస్తే పక్కన ఉన్న పాత రేకు పగులుతుంది. అతుకు కింది వైపు, కనపడని చోట, తేదీ పొడిపించు. పంచులు లేకపోతే చెప్పు, నా పాత సెట్టు ఒకటి ఉంది, వేసవిలో మా అమ్మాయి మిలాను వస్తోంది, పంపిస్తాను.

కోసి తీసిన ముక్కను పారెయ్యకు. దాని అంచున నీలం రంగు, దాని కింద ప్రైమరు రెండూ ఉంటాయి.

బెర్గామో బాబు | 29 మార్చి, సాయంత్రం 6:55

తట్టి చూశాను డైమేకర్ గారూ. అరచేతికన్నా కొంచెం పెద్దది, అంతే. పంచులు పంపించండి, సున్నా నుంచి తొమ్మిది దాకా చాలు.